పాప ఫీజు రసీదూ, నా ఫారం-16

జనవరి వచ్చిందంటే, ఫారం-16 (జీతం మీద పన్ను లెక్క చూపే కాగితం) కోసం పన్ను మినహాయింపుల ప్రూఫులు పెట్టమని ఆఫీసు నుంచి మెయిలొస్తుంది. ఇంటి అద్దెకి ఒక గడి, ఎల్‌ఐసీకి ఒక గడి, హోమ్ లోను వడ్డీకి ఒక గడి, దానధర్మాలకి కూడా ఒక గడి ఉంటుంది. పాపకి నెలనెలా నేను పంపే పదిహేను వేలకి మాత్రం ఏ గడీ ఉండదు. 2022 జనవరిలో మొదటిసారి ఆ పేజీని కిందికీ పైకీ మూడుసార్లు తిప్పాను, కోర్టు ఆర్డరు పీడీఎఫ్ పక్కన రెడీగా పెట్టుకుని మరీ. కోర్టు కట్టమంది, నేను కడుతున్నాను, ఎక్కడో ఒకచోట తీసేస్తారు కదా అని నా ధీమా.

మాకు 2021లో ఇద్దరి ఒప్పుదలతోనే విడాకులయ్యాయి. నేను హైదరాబాద్‌లో, పాప వాళ్ళమ్మ దగ్గర రాజమండ్రిలో. తనకి ఒకేసారి కొంత మొత్తం ఇచ్చేశాం, నెలవారీ భరణం లేదు. పాపకి మాత్రం నెలకి 15,000, దానికి తోడు చదువు ఖర్చులో సగం. అంతకుమించి ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. పిల్లల పోషణకి ఇలా మెయింటెనెన్స్ కడుతున్న తెలిసినవాళ్ళు ఈ ట్యాక్స్ గొడవ నన్ను అడుగుతూనే ఉన్నారు, అందరికీ ఫోన్లో చెప్పిందే చెప్పలేక రాస్తున్నాను.

మా ఆడిటర్ గారు మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న మనిషి. ఆర్డరు కాపీ చూపించి, దీన్ని జీతంలోంచి తీసేయొచ్చా అండీ అని అడిగితే, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "దీనికి సుప్రీం కోర్టు 1960లోనే తాళం వేసేసింది బాబూ" అన్నారు. సీతల్‌దాస్ తీరథ్‌దాస్ అని బొంబాయి ఆయన, అచ్చం నాలాగే, కోర్టు డిక్రీ ప్రకారం భార్యాపిల్లలకి కట్టిన డబ్బుని తన ఆదాయంలోంచి తగ్గించమని అడిగాడట. ఒక ఏడాది 1,350 రూపాయలు, ఆ మరుసటి ఏడాది 18,000. కుదరదు పొమ్మంది కోర్టు. ఆడిటర్ గారు దాన్ని మా గోదావరి లెక్కలో చెప్పారు: కాలువ నీళ్ళు నీ చేలోకి రాకముందే, పైనే పక్క బోదెలోకి మళ్ళిపోతే ఆ నీళ్ళు నీవి కాదు, పన్నూ లేదు. నీ చేలోకి వచ్చాక నువ్వు తోడి పక్కవాడికి ఇస్తే, ఎవరు ఇమ్మన్నా సరే, అవి నీ నీళ్ళే. జీతం ముందు నా చేతికి వస్తుంది, ఆ తర్వాత పాపకి వెళ్తుంది. కాబట్టి అది నా ఖర్చు. అంతకు ముందు 1933లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికంటే పై కోర్టు) ఒక జమీందారీ కేసులో ఒప్పుకుంది, కానీ అక్కడ సవతి తల్లి మనోవర్తికి ఎస్టేటు ఆస్తుల మీదే ఛార్జ్ (ఆ ఆస్తుల నుంచే ఇవ్వాలన్న కట్టుబాటు) వేసి ఉంది, అంటే పైనే మళ్ళిన నీళ్ళన్నమాట. ఉద్యోగస్తుడి జీతానికి ఆ సౌకర్యం లేదు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. పాపకి ఏడాదికి 1,80,000 పంపాలంటే, ఇరవై శాతం స్లాబులో ఉన్నవాడు సెస్సుతో కలిపి సుమారు 2,27,000 సంపాదించాలి. కోపం వచ్చింది, రాలేదని చెప్పను. తర్వాత ఎప్పుడో మా తమ్ముడింట్లో భోజనం చేస్తుంటే అనిపించింది, వాడు తన పిల్లల అన్నానికీ బట్టలకీ పన్ను మినహాయింపు అడగడం లేదు కదా, మరి విడిపోయినందుకు నాకెందుకు రాయితీ? అయితే వాడికి ఒకటే అద్దె, ఒకటే కరెంటు బిల్లు. రెండిళ్ళ ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు. ఈ విషయంలో ఇప్పటికీ నాకు ఒక్కో రోజు ఒక్కో అభిప్రాయం.

మనదేశంలోనే ఇంత అన్యాయం అనుకునేవాళ్ళ కోసం చిన్నమాట. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో కడుతున్నాడు, అక్కడా చైల్డ్ సపోర్ట్‌కి డిడక్షన్ లేదు. పిల్లాడు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే డిపెండెంట్‌గా చూపించుకుంటారు, వాళ్ళు ఫారం 8332 మీద సంతకం పెట్టి వదులుకుంటే తప్ప చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ రెండోవాళ్ళకి రాదు. బ్రిటన్‌లో మెయింటెనెన్స్ రిలీఫ్ అని ఒకటి ఉంది, కానీ దంపతుల్లో ఒకరైనా 1935 ఏప్రిల్ 6 కంటే ముందు పుట్టి ఉండాలి. తొంభై ఏళ్ళ వాళ్ళు పిల్లల మెయింటెనెన్స్ కట్టడం ఏమిటో నాకైతే అర్థం కాలేదు.

సరే, నేరుగా దారి లేదు. పక్క దారులున్నాయి, అవి ఆడిటర్ గారు ఒక్కొక్కటే చెప్పారు. (2026 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2025 వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారాయి, నేను మాత్రం అందరికీ నోటికొచ్చిన పాత నంబర్లే వాడుతున్నాను.)

అన్నిటికంటే పనికొచ్చింది స్కూలు ఫీజు. 80సి (కొన్ని పొదుపులకీ ఖర్చులకీ పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద ఇద్దరు పిల్లల వరకు ట్యూషన్ ఫీజు చూపించుకోవచ్చు, మొత్తం లక్షన్నర పరిమితిలో. కానీ ఎవరు కట్టారో వాళ్ళకే. మొదటి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఫీజులో నా సగం పాప వాళ్ళమ్మ ఖాతాకి పంపేశాను, తను మొత్తం స్కూల్లో కట్టింది, రసీదు తన పేరు మీద వచ్చింది. నా బ్యాంకులోంచి వెళ్ళిన డబ్బు నా లెక్కలో ఎక్కడా ఫీజు కాదు. ఇంకా విడ్డూరం, తను గవర్నమెంటు టీచరు, పెన్షనుకీ ఇన్సూరెన్సుకీ జీతంలోంచి పోయే సీపీఎస్‌తో, ఏపీజీఎల్‌ఐతో తన 80సి అప్పటికే నిండిపోయింది. అంటే ఆ రసీదు ఇద్దరికీ పనికిరాకుండా బీరువాలో పడుంది.

మరుసటి ఏడాది జూన్‌లో నేనే స్కూలుకి వెళ్ళాను. ఫీజు కౌంటర్లో ఉన్నావిడ కంప్యూటర్లో పాప పేరు చూసి, నన్ను చూసి, "పాప నాన్నగారాండీ మీరు? ఎప్పుడూ చూడలేదే" అంది. మామూలుగానే అంది పాపం, నా వెనక లైన్లో పదిమంది ఉన్నారు, నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. రసీదు మీద నా పేరు వేయమని అడిగితే "రెగ్యులర్‌గా అమ్మగారి పేరే వస్తదండీ" అంటూనే మార్చింది. ఆ రసీదు పసుప్పచ్చ కాగితం, కింద కార్బన్ కాపీ. ట్యూషన్ ఫీజు 42,000, స్పెషల్ ఫీజు 8,000, బస్సు 16,000 అని విడివిడిగా ఉంది, మొత్తం 66,000. 80సిలో పనికొచ్చేది పైన ఉన్న 42,000 మాత్రమే. బస్సు పనికిరాదు, డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్ లాంటివి అసలే పనికిరావు. కొన్ని స్కూళ్ళు మొత్తం ఒకే అంకెగా రాసి ఇస్తాయి, అలాంటప్పుడు ట్యూషన్ ఎంతో విడిగా రాయించుకోండి, లేకపోతే అసెస్‌మెంట్‌లో అడిగితే తెల్లమొహం వేయాలి.

ఆ తర్వాత మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకుని ఒక పద్ధతికి వచ్చాం. ట్యూషన్ ఫీజు మొత్తం నేను కౌంటర్లో కడతాను. బస్సు, స్పెషల్ ఫీజు, పుస్తకాలు యూనిఫాం, డాన్సు క్లాసు తను చూసుకుంటుంది. కూడితే ఆ ఏడాది అటూ ఇటూ 42,000 చొప్పునే తేలింది. నాకు పన్నులో 8,700 పైచిలుకు మిగిలింది, తనకి పోయిందేమీ లేదు. విడాకులయ్యాక మేమిద్దరం కలిసి తీసుకున్న మొదటి మంచి నిర్ణయం అదేనేమో.

కాకపోతే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆర్డరులో "ఆమె ఖాతాలో జమ చేయాలి" అని ఉంటే, మీరు స్కూల్లో కట్టింది రేపు కట్టనట్టే అని ఎవరైనా వాదించవచ్చు. మా ప్లీడరు గారు ఆ మాటే చెప్పి, ఇద్దరి సంతకాలతో ఒక మెమో కోర్టులో వేయించారు. ఇంకా సంతకాలు కానివాళ్ళు ఉంటే, ఒప్పందం రాసుకునేటప్పుడే "ట్యూషన్ ఫీజు తండ్రి నేరుగా స్కూలుకు చెల్లించవలెను" అని ఒక్క వాక్యం పెట్టించుకోండి. తర్వాత పరుగులు పెట్టే పని తప్పుతుంది.

ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి ఇంకొకటి. పాప చిన్నప్పుడే పోస్టాఫీసులో నేను గార్డియన్‌గా ఖాతా తెరిచాను, అది అలాగే నడుస్తోంది. పదేళ్ళ లోపు ఆడపిల్లకే తెరవగలం, పిల్లకి ఒకటే ఖాతా, ఏడాదికి 250 నుంచి లక్షన్నర వరకు వేయొచ్చు, పదిహేనేళ్ళు వేయాలి. ఇదీ 80సిలోకే వస్తుంది. కానీ నెలనెలా ఇచ్చే మెయింటెనెన్స్ బదులు ఇందులో వేస్తానంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పాపకి ఇవాళ పాలు కావాలి. పద్దెనిమిదేళ్ళొచ్చాక ఆ ఖాతా తనదే, నాదీ కాదు, వాళ్ళమ్మదీ కాదు, ఆ ఒక్క సంగతి నాకు బాగా నచ్చింది.

పాప పేరు మీద ఎఫ్‌డీలు వేసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మైనరు ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఒకరి ఆదాయంలో కలుపుతారు. కలిసున్నవాళ్ళయితే ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ళకి. విడాకులైతే ఆ ఏడాది బిడ్డను పోషించినవాళ్ళకి. మా విషయంలో అది వాళ్ళమ్మ లెక్కలోకి వెళ్తుంది. నేను ప్రేమగా వేసిన ఎఫ్‌డీ వడ్డీ మీద తను పన్ను కట్టింది ఒక ఏడాది, ఆ సంగతి తను చెప్పేదాకా నాకు తెలియదు! పిల్లకి 1,500 వరకు మినహాయింపు ఉండేది, కొత్త పన్ను పద్ధతిలో (రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు ఉండవు) అదీ లేదు. పాప కోసం ఇచ్చే డబ్బు మీద మాత్రం అటువైపు పన్ను భయం అక్కర్లేదు, తండ్రి బిడ్డకి ఇచ్చింది. మాజీ భార్యకి నెలవారీగా ఇచ్చే భరణం వేరు, దాన్ని ఆదాయంగానూ, ఒకేసారి ఇచ్చే మొత్తాన్ని పన్ను లేని మొత్తంగానూ చూడాలని 1983లో బొంబాయి హైకోర్టు చెప్పింది. అందుకే ఒప్పందంలో పాపకి ఎంత, ఆవిడకి ఎంత అన్నది కలిపేయకుండా విడివిడిగా రాసుకోవాలి.

ట్యాక్స్‌తో సంబంధం లేకపోయినా ఇన్సూరెన్స్ సంగతి చెప్పి తీరాలి. విడాకులయ్యాక ఆఫీసు పోర్టల్‌లో మారిటల్ స్టేటస్ మార్చాను. ఆ సిస్టమ్ పాలసీలోంచి భార్య పేరుతో పాటు పాప పేరు కూడా ఎగరగొట్టేసింది, ఒక్క మెయిలు కూడా రాలేదు. పాపకి డెంగీ వచ్చి రాత్రి పదింటికి ఆసుపత్రిలో చేర్చి కార్డు ఇస్తే, ఈ పేరు లేదండీ అన్నారు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "తీసేశావా?" అని ఒకే మాట అడిగింది. నేను తీయలేదని నమ్మించడానికి రెండు రోజులు పట్టింది, బిల్లు 38,000 నా చేతి నుంచి కట్టాను. మీరు స్టేటస్ మార్చిన రోజే పిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి, ఈ-కార్డు వాళ్ళమ్మకి వాట్సాప్‌లో పంపండి.

ఇన్ని రసీదులు పోగేశాక అసలు తమాషా 2025–26లో జరిగింది. కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు పన్ను లేదన్నారు, జీతగాళ్ళకి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12,75,000. నా జీతం పదకొండున్నర లక్షలు. పాత పద్ధతిలో 80సి మొత్తం వాడుకున్నా, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు) పక్కన పెడితే, 1,06,600 పన్ను. కొత్త పద్ధతిలో సున్నా. అక్కడ 80సి లేదు, ఫీజు రసీదు చెల్లదు, సుకన్య చెల్లదు. అంటే పాపని చదివించినందుకు రాని ఉపశమనం, ఏమీ చూపించనందుకు వచ్చింది. వద్దంటానా! అయితే జీతం బాగా ఎక్కువై, హెచ్‌ఆర్‌ఏ, హోమ్ లోను వడ్డీ లాంటివన్నీ ఉన్నవాళ్ళు రెండు పద్ధతుల్లోనూ లెక్క కట్టి చూసుకోవాలి, వాళ్ళలో కొందరికి ఫీజు రసీదు ఇంకా పనికొస్తుంది.

ఇదంతా జీతం సరిగ్గా వస్తున్నవాడి గోల. 2023లో నా ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఖాళీ. మొదటి నెల సేవింగ్స్‌లోంచి పంపాను, రెండో నెల క్రెడిట్ కార్డు మీద, మూడో నెల రాత్రిళ్ళు నిద్రపట్టలేదు. మన మగవాళ్ళు ఇక్కడ చేసే పని ఒకటే, పంపడం మానేసి ఫోన్ ఎత్తడం మానేయడం. నేనూ నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. ప్లీడరు గారు తిట్టినంత పని చేశారు. పరిస్థితి మారితే మొత్తం తగ్గించమని అడగడానికి చట్టంలోనే దారి ఉంది. సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 కింద వచ్చిన ఆర్డరైతే 127 కింద అడగాలి, 2024 జూలై 1 నుంచి అవే దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144, 146 అయ్యాయి. మాలాంటి విడాకుల కేసులో పిల్లల మెయింటెనెన్స్‌ని హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద మార్చమని అడగొచ్చు. పిటిషన్ వేసేదాకా పాత మొత్తం మీటరులా తిరుగుతూనే ఉంటుంది. నేను వాళ్ళమ్మతో మాట్లాడాను, నాలుగు నెలలు 7,000 చొప్పున, మిగతా 32,000 ఉద్యోగం వచ్చాక ఆరు వాయిదాల్లో. నోటిమాటతో వదలకుండా కాగితం మీద పెట్టి కోర్టులో వేశాం.

ఆ వాయిదాకి వెళ్ళినప్పుడే వరండాలో బెంచీ మీద ఒక ఆటో డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఇద్దరు పిల్లలకి కలిపి నెలకి 6,000 ఆర్డరు, పదకొండు నెలలు కట్టలేదట. ఖాకీ చొక్కా పై జేబులో పదులూ ఇరవైలూ వందలూ రబ్బరు బ్యాండు వేసి తెచ్చాడు, లెక్కపెట్టమని నాకిచ్చాడు, 8,430 ఉంది. "నెల రోజులు లోపలేస్తే బాకీ తీరిపోద్ది కదన్నా, అదే నయం" అన్నాడు. తీరదు. జైలుకి వెళ్ళినంత మాత్రాన బాకీ పోదని 1989లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది, వచ్చాక కూడా కట్టాల్సిందే. అతనికి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. జీతగాళ్ళకి ఇంకో రకం బెడద. మామూలు అప్పుకి జీతంలో మూడోవంతు వరకే పట్టుకోగలరు, మెయింటెనెన్స్ డిక్రీకి మాత్రం మనకి మిగిల్చేదే మూడోవంతు.

ఆటో అతనికి నేను చెప్పగలిగింది లీగల్ సర్వీసెస్ నంబరు 15100 ఒక్కటే. ఉచిత న్యాయసహాయం ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా వస్తుంది, ఎస్సీ ఎస్టీలకీ అంతే. మిగతా మగవాళ్ళకి ఆదాయ పరిమితి ఉంది, అతనిలాంటివాళ్ళు అడిగి చూడాల్సిందే. కట్టేవాళ్ళకి నేరుగా వచ్చే ప్రభుత్వ సాయమేదీ నాకు కనపడలేదు, ఉన్నదల్లా పిల్లల వైపు నుంచే. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్‌లో విడాకులైన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకి నెలకి 4,000 ఇస్తారు, కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. ఆంధ్రాలో బడికెళ్ళే పిల్లల కోసం ఇచ్చే తల్లికి వందనం 15,000 (స్కూలు నిర్వహణకి 2,000 పోగా 13,000) తల్లి ఖాతాలో పడుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే ఇళ్ళకి రాదు. అవి వస్తున్నాయి కదా అని మన మెయింటెనెన్స్ తగ్గించుకోకూడదు, ఆర్డరు ఆర్డరే.

ఎంత కట్టాలన్నది తేలే దశలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులూ అప్పులూ ఆదాయం అఫిడవిట్ వేయాలి. అందులో కార్ ఈఎంఐ, పర్సనల్ లోను చూపించి జీతం ఏమీ మిగలట్లేదంటే కోర్టు కరగదు. ఆదాయపన్ను, పీఎఫ్ లాంటి తప్పనిసరి కోతలే ప్రధానంగా లెక్కలోకి వస్తాయి. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే అనీ, తల్లికి తగినంత సంపాదన ఉంటే దామాషాలో పంచుకోవచ్చనీ ఆ తీర్పులోనే ఉంది. మా సగం సగం లెక్క అక్కడి నుంచి వచ్చిందే. డబ్బు ఎప్పుడూ చేతికి ఇవ్వకండి. బ్యాంకులోంచే పంపండి, రిమార్క్స్‌లో పాప పేరూ నెలా రాయండి. నా స్టేట్‌మెంట్‌లో ఇప్పుడు అరవైకి పైగా అలాంటి లైన్లున్నాయి.

పాప ఈ ఏడాది ఆరో తరగతి. ఫీజు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కడుతున్నాను, అయినా స్కూల్లో పసుప్పచ్చ రసీదు ఇస్తారు, పాప దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్ చేస్తుంది, మూడేళ్ళ నుంచీ అదే అలవాటు. ఇప్పుడు ఆఫీసులో దాన్ని ఎవరూ అడగరని నేను చెప్పలేదు. మొన్న జూన్‌లో కూడా ఫోటో వచ్చింది, ఒక మూల తన బొటనవేలు పడింది, కింద ఇంకో మెసేజ్: "నాన్నా, బస్సు వెయ్యి పెంచారు, అది అమ్మ లిస్టులోది కదా, నువ్వు అడగకు."